మూడోసారి అడిగేలోపు

నాకు కోపం ఎక్కువ. అది చాలామందికి ఉంటుంది. కానీ నేను క్వేకర్ని. మాలో కోపం ఉండకూడదన్న నియమమేమీ లేదుగానీ, ఉన్నవాళ్ళు బతకలేకుండా మిగతా నియమాలన్నీ పెట్టారు.

క్వేకర్లంటే ఎవరో తెలిసిన తెలుగువాళ్ళు నాకింతవరకు తగల్లేదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. అది క్రైస్తవంలో ఒక శాఖ. పాదిరి ఉండడు, పాటలుండవు, ప్రసంగం ఉండదు. వారానికోసారి అందరూ ఒక గదిలో చేరి గంటసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా, ఆ మాట చెప్పి కూర్చుంటారు. దానికి ఎవరూ జవాబు చెప్పకూడదు. గంట అయ్యాక ఒకరికొకరు చెయ్యి కలిపి ఇళ్ళకు పోతారు. మావాళ్ళు యుద్ధాలకు పోరు, అబద్ధం ఆడరు, దేనికీ ఒట్టు పెట్టుకోరు. ఒట్టు పెట్టి చెప్పిందే నిజమైతే, పెట్టకుండా చెప్పేదంతా ఏమిటని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

మా తాత గురవయ్య నంద్యాల దగ్గర వడ్రంగి. ఒక కరువు సంవత్సరం పని వెతుక్కుంటూ మధ్యప్రదేశ్ దాకా పోయి, అక్కడ క్వేకర్లు నడిపే ఆసుపత్రిలో మంచాలూ బల్లలూ చేసి, తిరిగొచ్చేటప్పుడు ఈ మతాన్ని వెంట తెచ్చుకున్నాడు. ఊళ్ళో మిగతా క్రైస్తవులు ఆదివారం పొద్దున డోలక్ వాయించి పాడుతుంటే మా ఇంటిల్లిపాదీ చాప మీద నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. ఊరివాళ్ళు మమ్మల్ని గమ్మునుండే కిరస్తానమోళ్ళు అనేవారు. ఆ గంటలో నాకు మా తమ్ముణ్ణి గిల్లాలనిపించేది. గిల్లేదాన్ని. వాడు అరిచేవాడు. లోపలి నుంచి వచ్చిన మాట కాబట్టి వాణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

నర్సింగ్ చదివి, కొన్నాళ్ళు కర్నూలులో చేసి, సౌదీలో అభా ఊరి ఆసుపత్రిలో చేరాను. ఆ దేశంలో ఇతర మతాలవాళ్ళు గుంపుగా ప్రార్థన చేసుకోకూడదు. మిగతా క్రైస్తవ నర్సులకు ఇది పెద్ద కష్టమే అయింది, గొంతు తగ్గించి పాడుకోలేక అవస్థ పడేవారు. నాకు ఏ కష్టమూ రాలేదు. శుక్రవారం పొద్దున హాస్టల్ గదిలో మంచం అంచున కూర్చునేదాన్ని. ఒకసారి వార్డెన్ తలుపు తీసి ఏం చేస్తున్నావని అడిగింది. కూర్చున్నాను అన్నాను. ఇంకేం చేస్తున్నావంది. ఇంకేమీ లేదన్నాను. ఆవిడ గది నాలుగు మూలలూ చూసి, కిటికీ తెరిస్తే కొండముచ్చులు లోపలికి వస్తాయని హెచ్చరించి వెళ్ళిపోయింది. అభాలో కోతుల బెడద మనుషుల బెడదకంటే ఎక్కువ.

నా గదిలో రెండో మంచం రుఖయ్యాది. ప్రొద్దుటూరు పిల్ల, నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, పిల్లల వార్డులో చేసేది. ఆమె అన్న మస్తాన్ వలీ అక్కడికి దగ్గరలోనే ఖమీస్ ముషైత్‌లో రోడ్లేసే కంపెనీకి లారీ నడిపేవాడు, అతనే ఆమెను తెచ్చి ఈ ఉద్యోగంలో పెట్టించాడు. వచ్చిన మొదటి శుక్రవారం నేను కదలకుండా కూర్చోవడం చూసి రుఖయ్యా నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నాడి బాగానే ఉండటంతో తను కూడా ఎదురుగా తన మంచం మీద కూర్చుంది. తర్వాత అదే అలవాటైంది. ఆమె తస్బీ పూసలు తిప్పుకుంటూ తన దేవుణ్ణి తలుచుకునేది, నేను నా పద్ధతిలో కూర్చునేదాన్ని. ఒకరినొకరు మార్చాలని మాకెప్పుడూ తోచలేదు. గంట కాగానే చెయ్యి కలిపి, టీ పెట్టుకునేవాళ్ళం. మూడేళ్ళలో ఆ గదిలో లేచి నిలబడి మాట్లాడినవాళ్ళు లేరు. నాకు రాలేదు, ఆమె ప్రయత్నించలేదు.

ఆమె ప్రతి రెండో మాటకీ అల్లా తోడు అనేది.

"అల్లా తోడక్కా, కూరలో ఉప్పు సరిపోయింది."

"ఉప్పు సంగతికి కూడా దేవుణ్ణి సాక్ష్యం పిలవాల్నా?" అనేదాన్ని.

"నువ్వు పిలవవులే, నిన్ను చూసి ఆయనకీ బయం," అని నవ్వేది. రుఖయ్యా నవ్వితే నాకు చాలా ఇష్టం. పని అయ్యాక ఆ నవ్వు కోసమే గదికి త్వరగా వచ్చేదాన్ని.

మా నిర్ణయాల పద్ధతి కూడా ఆమెకు నేనే నేర్పాను. క్వేకర్లు ఓట్లు వేయరు. అందరూ కూర్చుని ఆలోచిస్తారు, ఒక్కరికి మనసొప్పకపోయినా ఆ పని ఆగుతుంది. నోరు తెరిచి సరే అంటేనే సరే, నోరు మెదపకపోతే ఇంకా తేలలేదని అర్థం. అభా కొండల మీద ఊరు. చలికాలం పొగమంచు కిటికీలోంచి చెయ్యి పెట్టి పలకరిస్తుంది. హీటర్ కొందామా అని ఇద్దరం కూర్చున్నాం. నాకు సరే. రుఖయ్యా, "నాకింకా తేల్లేదక్కా" అంది. ఆ చలికాలమంతా ఆమెకు తేలలేదు. నేను రెండు స్వెటర్లు వేసుకుని నా మత సిద్ధాంతాన్ని కాపాడుకున్నాను.

"మాలో ఇట్ల కాదక్కా," అంది ఒకరోజు. "ఆడపిల్ల గమ్మునుంటే ఒప్పుకున్యట్టే."

"మా ఊళ్ళోనూ అంతే. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగిలిన సగం యాడికి పాయనో ఎవరూ అడగరు," అన్నాను.

తొంభైలో సద్దాం కువైట్ మీదికి వచ్చాడు. ఖమీస్ దగ్గరున్న వైమానిక స్థావరానికి అమెరికా విమానాలు వచ్చాయి. ఆసుపత్రిలో మా చేత కిటికీలకు టేపు అంటింపించారు. అభా దాకా సద్దాం స్కడ్ క్షిపణులు రావని అందరూ అన్నారు, కానీ టేపు వచ్చింది కాబట్టి అంటించాం. యుద్ధం పాపమని నా మతం చెబుతుంది. ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ఏ వైపువాళ్ళూ అడగలేదు.

జనవరి మొదట్లో మస్తాన్ వలీ కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర, దేశం వదిలిపోయే ఎగ్జిట్ వీసా కొట్టించుకున్నాడు. ఊళ్ళో భార్య రోజూ ఏడుస్తోందని, ఇక ఇక్కడ ఉండలేనని తేల్చేశాడు. ఆసుపత్రి మాత్రం నర్సులకు సెలవులు ఆపేసింది, రుఖయ్యా వెళ్ళడానికి లేదు. పెళ్ళికాని చెల్లెల్ని యుద్ధంలో ఒంటరిగా వదిలి పోవడమెలా అన్నది మస్తాన్ సమస్య. వారంలో దానికి పరిష్కారం కనిపెట్టి హాస్టల్‌కొచ్చాడు.

"గౌస్ మొహిద్దీన్ సాబ్‌ని అడిగినానక్కా. ఆయన సరేనన్యాడు. శుక్రారం జుమా నమాజు అయినంక నికా. ఆదోరం నేను పోతా," అన్నాడు నాతో. రుఖయ్యా పక్కనే ఉంది. ఆమెకు ముందే చెప్పాడో, అప్పుడే చెబుతున్నాడో నాకు తెలియలేదు.

గౌస్ మొహిద్దీన్ ఖమీస్ బజారులో దర్జీ. మా నర్సుల యూనిఫాంలన్నీ అతనే కుట్టేవాడు. మేము కొలతకు పాతది ఇస్తే కొత్తది కుట్టి కౌంటర్ మీద పెట్టేవాడు. నలభై దాటిన మనిషి, భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. మాట్లాడడు. మాట్లాడకపోవడం నేను మెచ్చుకోవలసిన గుణమే. అయినా మెచ్చుకోలేకపోయాను. ప్రయాణానికి ముందు మేకను పక్కింటివాళ్ళకు అప్పజెప్పినట్టు చెల్లెల్ని అప్పజెప్పి పోతున్నాడని మస్తాన్ మీద నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో కొంత గౌస్ మొహిద్దీన్ మీదికి కూడా పోయింది.

ఆ సాయంత్రం రుఖయ్యాను అడిగాను.

"నీకు ఇష్టమేనా?"

అన్న తెచ్చిచ్చిన గోరింట పొట్లాన్ని ఆమె చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఇంకా తేల్లేదక్కా."

ఆ మాట విన్నాక నాకు అన్నీ అర్థమైపోయాయి. కనీసం నాకు అలా అనిపించింది.

నికా గౌస్ మొహిద్దీన్ అక్క సాబేరా ఇంట్లో. ఖమీస్‌లో రెండు గదుల ఇల్లు, మధ్యలో పరదా. అటుపక్క మగవాళ్ళు, ఇటుపక్క మేము. నికా చదివించడానికి ఇస్మాయిల్ హజ్రత్ వచ్చాడు. కర్నూలు జిల్లా మనిషి, పెద్దవాడు, అక్కడి మనవాళ్ళ పిల్లలకు ఖురాన్ చెప్పేవాడు. లోపల బిర్యానీ దమ్ములో ఉంది. రుఖయ్యా ఎర్ర దుపట్టా కప్పుకుని తల దించుకుని కూర్చుంటే, నేను పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

వాళ్ళ పద్ధతిలో పెళ్ళికూతురి ఒప్పుదల తెలుసుకోవడానికి వకీలని ఒకాయన ఇద్దరు సాక్షులతో పరదా దగ్గరికి వచ్చి మూడుసార్లు అడుగుతాడు. ఆ రోజు వకీలు సాబేరా భర్త. గొంతు సవరించుకుని, ఫలానావారి కుమారుడు గౌస్ మొహిద్దీన్‌తో, ఇంత మెహర్ సొమ్ముకు, నీకు కబూలేనా అని అడిగాడు.

రుఖయ్యా మాట్లాడలేదు.

"సిగ్గుపడతాంది," అంది సాబేరా. ఆడవాళ్ళు నవ్వారు.

రెండోసారి అడిగాడు. మాట్లాడలేదు. నా చేతిలో ఉన్న చెయ్యి బిగుసుకుంది. తాత ఇంట్లో చాప మీద, తర్వాత హాస్టల్ మంచం మీద నేను కొన్ని వేల గంటలు మౌనంలో కూర్చున్నాను. మౌనాన్ని చదవడంలో నాకంటే అనుభవం ఉన్నవాళ్ళు ఆ గదిలోనే కాదు, ఆ రాష్ట్రంలోనే లేరని నా నమ్మకం.

"అనింది, అనింది. నాకు ఇనపడింది," అని సాబేరా పరదా అవతలికి చెప్పింది. "మూడోతూరి కూడా అడిగేయండి, అయిపోతది."

"అనలేదు," అన్నాను.

అంత గట్టిగా అంటానని నేననుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి. మా పద్ధతిలో మాట బయటికి వచ్చే ముందు అది దేవుడి వెలుగులోంచి వస్తున్నదా, మన కోపంలోంచి వస్తున్నదా అని చూసుకోవాలి. చూసుకునే తీరిక ఆ మాట నాకివ్వలేదు.

మస్తాన్ వలీ పరదా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మీకేంటికి ఈ సంగతి?"

"సాబేరమ్మ అనిందని చెప్పింది. అనలేదు. పక్కనే ఉన్నా."

గొడవ మొదలైంది. ఇస్మాయిల్ హజ్రత్ అందరినీ ఆపి, ఒక ముక్కాలిపీట తెప్పించుకుని పరదాకు అవతల కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులేమో, కూర్చోవడానికి కొంత సమయం పట్టింది.

"ఆడబిడ్డ గమ్మునుంటే ఒప్పుకున్యట్టేనని మా కితాబుల్లో ఉంది," అన్నాడు. "గమ్మునున్యాదని చెప్పింటే నాకు పేచీ లేదు. అనిందని చెప్పినారు. ఒగరు అనిందంటారు, ఒగరు అనలేదంటారు. అనింటే అనిందని రాయల్ల, లేకుంటే లేదు. అనలేదన్న అమ్మ ఎవరు?"

"సుప్రజండీ. రుఖయ్యాతో పాటు నర్సుని."

"మీ దేవుని మింద ప్రమాణం చేసి చెప్తావా తల్లీ?"

"చెయ్యనండీ."

పరదాకు రెండు వైపులా అందరూ ఒకేసారి ఊపిరి పీల్చారు.

"చూసినారా!" అంది సాబేరా. "నేను చేస్తా. అల్లా తోడు, అనింది."

"ఏంటికి చెయ్యవు?" అని అడిగాడు ఇస్మాయిల్ హజ్రత్.

"మేము దేనికీ చెయ్యమండీ. ఒట్టు పెట్టకుండా చెప్పినా, పెట్టి చెప్పినా నాకు ఒకటే మాట. అనలేదు."

ఇది విని నన్ను నమ్మినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. మా తాతనీ ఇలాగే ఎవరూ నమ్మేవారు కాదు. నిజం చెప్పి అబద్ధాలకోరుగా నిలబడటం మా వంశంలో ఆస్తిలాగా వస్తోంది. మస్తాన్ వలీ, "కిరస్తానమామె మాట పట్టుకోని మా పెండ్లి నిలబెడతారా హజ్రత్? అబద్దాలు చెప్తాంది," అన్నాడు.

అప్పుడు రుఖయ్యా నోరు తెరిచింది.

"అన్నా, ఆమె ఒట్టు పెట్టదు. మూడేండ్ల నుంచి చూస్తాండా, ఉప్పుకి కూడా పెట్టదు. ఆమె అబద్దం చెప్పదు." కాస్త ఆగింది. "నేను అనలేదు."

నా గుండె నిండిపోయింది. తన కోసం నోరు తెరవలేని పిల్ల నా కోసం తెరిచిందని గర్వపడ్డాను.

"అంటే వద్దనా, అమ్మా?" అని ఇస్మాయిల్ హజ్రత్ మెల్లగా అడిగాడు.

రుఖయ్యా ఏడ్చింది. ఆయన ఇంకా ఏదో అడగబోతుంటే మస్తాన్ వలీ, "చాలు హజ్రత్. నలుగుర్లో మర్యాద పాయ. ఇంగ అడిగేదేం లేదు," అని బయటికి వెళ్ళిపోయాడు. సాక్షులు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డారు. పరదా సందులోంచి గౌస్ మొహిద్దీన్ కనిపించాడు. చేతిలో పూలదండ పట్టుకుని ఉన్నాడు, ఎక్కడ పెట్టాలో చూస్తున్నాడు.

బిర్యానీ అప్పటికే ఉడికిపోయింది కాబట్టి వడ్డించారు. ముప్పైమంది ఒక్క మాట లేకుండా తిన్నారు. అంత చక్కటి క్వేకర్ కూటం నేను మళ్ళీ చూడలేదు.

ఆ వారం రుఖయ్యా నాతో మాట్లాడలేదు. డ్యూటీకి పోయేది, వచ్చేది, గోడ వైపు తిరిగి పడుకునేది. దాన్ని నేను కృతజ్ఞత అనుకున్నాను. మనసులో అంత బరువైన కృతజ్ఞత ఉన్నప్పుడు మాటలు రావని నాకు నేనే చెప్పుకున్నాను. టీ పెట్టి ఇస్తే తాగేది. నేను చేసిన పని మీద నాకు ఎంత సంతోషంగా ఉందంటే, వార్డులో నా మీద ఎప్పుడూ అరిచే హెడ్ నర్సులో కూడా దేవుడి వెలుగు కనిపించింది.

మస్తాన్ వలీ ఆదివారం పోలేకపోయాడు, సీటు దొరకలేదు. గురువారం తెల్లారేసరికి యుద్ధం మొదలైంది. మామూలు విమానాలన్నీ ఆపేశారు. అతని ఎగ్జిట్ అతని జేబులోనే ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు హాస్టల్ గేటు దాకా వచ్చి, చెల్లెలికి పళ్ళు ఇచ్చి, నన్ను చూసి తల తిప్పుకుని పోయాడు.

యుద్ధం మొదలైన మర్నాడు శుక్రవారం. ఎప్పటిలాగే నేను నా మంచం మీద కూర్చున్నాను. రుఖయ్యా వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చి ఎదురుగా కూర్చుంది. తస్బీ తియ్యలేదు. ఖమీస్ వైపు నుంచి విమానాలు లేచి పోతున్నాయి, వాటి మోతకు కిటికీ అద్దం సన్నగా అదురుతోంది. అవి ఎవరి ఇంటి మీద బాంబులు వేయబోతున్నాయో అని ఆలోచించడానికి ప్రయత్నించాను. మా తాత ఉంటే అదే చెయ్యమనేవాడు. కానీ నా మనసు నా విజయం దగ్గరికే తిరిగి వస్తోంది.

గంటలో ఇంకా సగం కూడా కాలేదు. రుఖయ్యా లేచి నిలబడింది.

నేను నేర్పినట్టే నా ముఖం చూడలేదు. గోడ మీద ఆసుపత్రి క్యాలెండర్ వైపు చూస్తూ మాట్లాడింది.

"గౌస్ సాబంటే నాకు ఇష్టమే. శానా దినాల నుంచి ఇష్టమే. మా అన్న నన్ను సామాను మాదిరి అప్పజెప్పి పోతాండాడని నాకు కోపం. అందుకే రెండుతూర్లు గమ్మునున్యా. మూడోతూరికి అందామనుకుంటి. అంటాంటినో లేదో, అది తేల్చుకోవల్సింది నేనే. నన్ను అననీలేదు. మా అన్న నా నోరు తనదనుకున్యాడు. అక్క గూడా అట్లే అనుకునింది."

కూర్చుంది.

ఇక్కడ మా నియమం ఒకటి ముందే చెప్పాను. కూటంలో లేచి చెప్పిన మాటకు ఎవరూ జవాబు చెప్పకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గాని, వాళ్ళు ఎప్పుడో నాలాంటిదాన్ని చూసే ఉంటారు. మిగిలిన సమయమంతా నేను నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది. ముందు నాకు మంచి జవాబులు చాలా వచ్చాయి. నువ్వు అనలేదు, అనలేదనే చెప్పాను, అది అప్పుడూ నిజమే ఇప్పుడూ నిజమే. తేలలేదని నువ్వే చెప్పావు. ఇష్టమని నాకెప్పుడు చెప్పావు? ఒక్కొక్క జవాబూ నిక్కచ్చిగా నిజం. ఒక్కదానిలోనూ వెలుగు లేదు. తేలలేదు అంటే తేలలేదనే గాని వద్దని కాదని లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషిని నేను. నేర్పినదాన్నే నేను. జవాబులన్నీ అయిపోయాక నాకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. పాపం ఆ పిల్ల తన పెళ్ళి కంటే నా మాట నిలబెట్టడమే ముఖ్యమనుకుంది. నేను ఆ వారమంతా టీ పెట్టి ఇచ్చాను.

గంట అయింది. చెయ్యి చాపాను. రుఖయ్యా చెయ్యి ఇచ్చింది.

"గౌస్ సాబ్‌తో నేను మాట్లాడనా?" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. ఈసారి దానికి అర్థం ఏమిటో నేను ఆలోచించలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఏమీ అనలేదు. కూర్చున్నాను. మా కిటికీ అవతల ఒక కొండముచ్చు గోడ దిగి, చెత్తబుట్ట అంతా వెతుక్కుని, ఏమీ దొరక్క వెళ్ళిపోయింది. అప్పుడు అంది.

"పో."

మర్నాడు ఆసుపత్రి బస్సులో ఖమీస్ పోయాను. గౌస్ మొహిద్దీన్ షాపులో ఒక్కడే ఉన్నాడు. మిషన్ మీద ఏదో తెల్లగుడ్డ కుడుతున్నాడు. నన్ను చూసి మిషన్ ఆపాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. యూనిఫాం ఏదీ తేలేదేమని నా చేతుల వైపు చూశాడు.

"ఆ రోజు రుఖయ్యా అనలేదని చెప్పాను. అది నిజమే," అన్నాను. నాకు ముందు అదే వచ్చింది, ఏం చెయ్యను. "కానీ వద్దనుకుంటోందని నేను అనుకున్నాను. అది తప్పు. అడిగి తెలుసుకోకుండా అనుకున్నాను. మీ అందరి ముందు మీకు అవమానం చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

అతను కత్తెరను అటూ ఇటూ జరిపాడు.

"ఆమె ఎప్పుడూ యూనిఫాం బిగువైందని తెచ్చేది," అన్నాడు చివరికి. "చూస్తే సరిగ్గానే ఉంటాది. కుట్లు విప్పి, మళ్ళా ఆడికే కుట్టి ఇచ్చేవాణ్ణి. ఏందో అనుకుంటి. అడగడానికి నాకు దైర్యం లేకపాయ. మస్తాను వచ్చి అడిగితే ఎగిరి గంతేసినట్టు సరేనంటి. ఆమెను నేనూ అడగలేదు గదా."

అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అతను కూడా విని ఉండడు, చివరికొచ్చేసరికి అలసిపోయాడు.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"యుద్దం అయిపోనీ. రంజాన్ పోనీ. మస్తాన్ కోపం తగ్గనీ. మళ్ళా అడిగిస్తా. ఈతూరి ముందు ఆమెనే అడిగిస్తా." మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీశాడు. "మీరొక సాయం చెయ్యల్ల."

"చెప్పండి. ఏదైనా చేస్తా."

"నికా దినం మీరు డ్యూటీ ఏపించుకోండి."

అతను నవ్వలేదు. ఎగతాళిగా అన్నాడో, కోపంగా అన్నాడో, నిజంగానే సాయం అడిగాడో ముఖంలో కనిపించలేదు. అడిగి తెలుసుకుందామని నోటిదాకా వచ్చింది. వద్దనుకుని సరే అన్నాను.

నికా రంజాన్ పండుగ తర్వాత జరిగింది. యుద్ధం అప్పటికి అయిపోయింది. మస్తాన్ వలీ ప్రయాణం ఇంకో రెండు నెలలు వాయిదా వేసుకుని, తానే దగ్గరుండి చెల్లెలి పెళ్ళి చేశాడు. సాబేరా స్వయంగా హాస్టల్‌కి వచ్చి నన్ను పిలిచింది. డ్యూటీ ఉంది, రాలేనన్నాను. అది నిజం. దాన్ని అడిగి వేయించుకున్నానా అని ఆవిడ అడగలేదు. రుఖయ్యా తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసింది. ఆమెకు తెలుసు. అయినా రమ్మని అనలేదు, అది నాకు ఎంత కష్టమనిపించిందో ఒట్టు పెట్టకుండానే చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం మగవాళ్ళ సర్జికల్ వార్డులో ఎవరికీ సెలైన్ అయిపోలేదు, ఎవరికీ నొప్పి రాలేదు, ఎవరూ బెల్లు కొట్టలేదు. చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. జుమా అయింది. ఈపాటికి వకీలు పరదా దగ్గరికి వచ్చి ఉంటాడనుకున్నాను. ఒకసారి అడిగి ఉంటాడు. ఖమీస్ కొండల అవతల ఉంది. అక్కడి మాట అభాకు వినిపించదు. అయినా విన్నాను. నా వైపు నుంచి పెదవి కదలకుండా చూసుకున్నాను.

సాయంత్రం గదికొచ్చేసరికి ఎదుటి మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. తలుపు మూసి ఏడ్చాను. సంతోషమో దిగులో నాకు తేలలేదు.

రెండు వారాలు పోయాక, ఒక శుక్రవారం పొద్దున రుఖయ్యా వచ్చింది. కొత్త గాజులు వేసుకుని ఉంది. గౌస్ మొహిద్దీన్ గేటు బయట కారులో కూర్చున్నాడట. పరుపు లేని మంచం అంచున, ఎప్పటి చోటే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆమె కదిలినప్పుడల్లా గాజులు చప్పుడయ్యాయి. ఆ రోజు ఏ సారికి కబూల్ అంది? మొదటిసారికేనా, మూడోసారి దాకా వాళ్ళను ఆపిందా? నోరు తెరిచి అందా? ఆ గంటంతా నా లోపల ఈ ప్రశ్న తప్ప ఇంకేమీ లేదు.

గంట అయ్యాక చెయ్యి కలిపాం. నేను టీ పెట్టాను. అడగలేదు.